బ్యాటరీ మీద బొట్టు

పోలీస్ స్టేషన్‌లోకి అడుగు పెట్టగానే వీరవేణికి రెండు వాసనలు ఎదురొచ్చాయి.

ఫినాయిల్ వాసన ఒకటి, దాన్ని ఓడించేసిన మరో వాసన ఒకటి. ఆ రెంటి మధ్యా ఎస్సై దొరబాబు గుండుసూదితో పళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నాడు. సూది చివర దొరికినదాన్ని ఓసారి తీరిగ్గా చూసుకుని బల్ల అంచుకి రాశాడు. అదే చేత్తో ఆమెకి కుర్చీ చూపించాడు. వీరవేణి కూర్చోలేదు.

"రాజమండ్రి నుంచి ఎందుకండీ ఇంత శ్రమ? కేసు అయిపోయింది కదా. డ్రైవరు తాగాడు, తూము గోడకి గుద్దాడు, జయపాల్ గారు పోయారు. రేపు పొద్దున్నే కోర్టులో పెట్టేస్తాం."

"కారు ఎక్కడుంది?"

"వెనక దొడ్లో ఉందండి. ఇన్సూరెన్సు వాళ్ళు చూసేశారు. జయపాల్ గారి తమ్ముడు కిరణ్ కుమార్ గారు పాత ఇనుముకి అమ్మేసుకుంటానన్నారు, ఇచ్చేస్తున్నాం. సాయంత్రం లారీ వస్తుంది."

మనిషి పోయి వారం తిరగలేదు, కారు తుక్కుకి వెళ్ళిపోతోంది. చావుకి కూడా ఇంత తొందర ఉండదనుకుంది వీరవేణి.

ప్రైవేటు డిటెక్టివ్ అవడానికి ముందు ఆమె ఇన్సూరెన్సు కంపెనీలో ప్రమాదాల దర్యాప్తు చూసేది. గుద్దుకున్న బళ్ళ పొట్టలు కోసి చూడటమే అప్పటి ఉద్యోగం. అందుకే జయపాల్ గారి భార్య క్రిస్టినా ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. జయపాల్ లూథరన్ బడిలో మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. రొయ్యల చెరువుల ఉప్పు దిగి ఊరి మంచినీళ్ళు పాడైపోతున్నాయని రెండేళ్ళుగా పోట్లాడుతున్నాడు. ఆ చెరువుల్లో సగం సొంత తమ్ముడివే. రేపు అధికారులు ఊళ్ళోకి విచారణకి వస్తున్నారు. అక్కడ మాట్లాడాల్సిన మనిషి తూము గోడ దగ్గర ఆగిపోయాడు.

"డ్రైవర్ని చూస్తాను" అంది వీరవేణి.

దుర్గాసాయి లాకప్ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. నల్ల పంచె, నల్ల చొక్కా, నుదుటికి కట్టు. అయ్యప్ప దీక్షలో ఉన్న మనిషి మెడ బోసిగా ఉంది.

"మాల ఏదీ స్వామీ?"

స్వామీ అన్న పిలుపుకి కుర్రవాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తీయించేశారండి. తాగుబోతు మెడలో మాలేంట్రా అన్నారండి. స్నానం కూడా లేదండి, మూడు రోజులై."

వెనకనుంచి దొరబాబు నవ్వాడు. "మాల అడ్డం పెట్టుకుని తాగేవాళ్ళని ఎంతమందిని చూళ్ళేదండీ! సీటు కింద సీసా దొరికింది."

"ఆ సీసా మూత తీసి ఉందా, బిగించి ఉందా?"

దొరబాబు సూది ఆపాడు. "అదీ... బిగించే ఉందండి."

"అయితే మూత తీయకుండా తాగే విద్య ఇతనికి తెలుసన్నమాట." వీరవేణి దుర్గాసాయి వైపు తిరిగింది. "ఆ రోజు ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పండి స్వామీ. నాకోసం ఏమీ కలపొద్దు."

"మధ్యాహ్నం కిరణ్ గారింట్లో అయ్యగారికి భోజనమండి. నేను గుళ్ళో స్వాముల భిక్షకి వెళ్ళాను. తాళం బండికే ఉంచేశాను, సొంత మనుషుల ఇల్లే కదా అని. తరవాత రాజమండ్రి వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో చీకటి పడ్డాక లైట్లేశాను, బాగానే ఉన్నాయండి. కాలవగట్టు ఎక్కేసరికి, నూనె అయిపోతున్న దీపంలాగా తగ్గుకుంటూ వచ్చేశాయి. ఆపేద్దామండీ అన్నాను. దగ్గరికొచ్చేశాం కదా, నెమ్మదిగా పోనీ అన్నారు అయ్యగారు. ఇంతలో ఎదురుగా ట్రాక్టరండి. నెత్తి మీద రెండు పెద్ద లైట్లు. కళ్ళు బైర్లు కమ్మేశాయి. అది దాటాక నా లైట్లలో రోడ్డే లేదండి. గోడ కనపడేసరికి గోడ మీద ఉన్నాం."

"హారన్?"

"కొట్టానండి. మూలిగింది."

"లోపలి లైటు?"

దుర్గాసాయి తలెత్తి చూశాడు. "అది మీకెలా తెలుసండీ? అయ్యగారి కళ్ళజోడు కింద పడితే లైటు వెయ్యమన్నారు. మిణుగురు పురుగంత వెలిగింది. దీన్ని చూడ్డానికే ఇంకో కళ్ళజోడు కావాలిరా అని నవ్వారు కూడా. అదేనండి ఆయన ఆఖరు నవ్వు."

వీరవేణి ఆ మాటల్ని మనసులో తూచి చూసుకుంది. అబద్ధం చెప్పేవాడు హెడ్‌లైట్లు ఆరిపోయాయంటాడు, అంతటితో ఊరుకుంటాడు. లోపలి లైటునీ హారన్‌నీ అబద్ధంలోకి లాక్కురావాలని తోచదు. ముందు లైట్లు మాత్రమే మసకబారితే బల్బులో తప్పు, ఫ్యూజులో తప్పు. బయటివీ లోపలివీ కలిసి నీరసించాయంటే తప్పు వాటిది కాదు, వాటికి కరెంటు పోసే బ్యాటరీది, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ది.

"డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ బొమ్మ వెలగలేదా?"

"లేదండి. అదొస్తే అయ్యగారు వద్దన్నా ఆపేసేవాణ్ణి."

"బ్యాటరీ కొత్తదా?"

"పాతదేనండి. అయినా పొద్దున్నే ఒక్క తిప్పుకి స్టార్టయ్యేది. అమ్మగారి వాగ్దానం దాని మీదే ఉంది మరి. ప్రతి జనవరికీ చర్చిలో ఇచ్చిన వాక్యం స్టిక్కరు డ్యాష్‌బోర్డుకొకటి, బానెట్ ఎత్తించి బ్యాటరీకొకటి అంటిస్తారండి. ఇంజినుకి మాత్రం దీవెన అక్కర్లేదా అంటారు."

"మీకు తెలివి ఎప్పుడొచ్చింది?"

"మర్నాడు పొద్దున్న ఆస్పత్రిలోనండి. అప్పటిదాకా నాకు లోకం తెలీదు." దుర్గాసాయి చువ్వలు పట్టుకున్నాడు. "మేడంగారూ, అయ్యగారి దగ్గరే అక్షరాలు దిద్దుకున్నానండి నేను. తాగి ఆయన్ని చంపేశానని రాసేస్తే, జైలు సంగతి తరవాత. అమ్మగారి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడనండీ?"

వీరవేణి బయటికి వచ్చింది. వరండాలో క్రిస్టినా బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది. పక్కన కిరణ్ కుమార్ వదినగారికి మంచినీళ్ళ సీసా అందిస్తున్నాడు. తెల్ల చొక్కా, దాని మీద సెంటు, సెంటు కింద రొయ్యల మేత కంపు. ఆ రెండూ కలిసి వీరవేణి గొంతులోకి ఎక్కాయి.

"అన్నయ్య లేకుండా ఎలాగండీ" అన్నాడు కిరణ్ కుమార్, రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంటూ. ఆ రుమాలుకి ఇస్త్రీ మడత కూడా విడలేదు.

"వాడు తాగలేదండి" అంది క్రిస్టినా, మరిదిని పట్టించుకోకుండా. "ఆ పిల్లాణ్ణి విడిపించండి. రేపు విచారణలో ఆయన చెప్పాల్సింది నేను చెప్తాను. నీళ్ళ సంగతి అంతా నాకు తెలుసు."

"ముందు ఇంటికెళ్ళి కాస్త నడుం వాల్చు వదినా. నా చెరువుల జీపు ఉంది, డ్రైవరు దింపేస్తాడు. నాకిక్కడ సంతకం పనుంది."

పొద్దు వాలుతోంది. క్రిస్టినా లేచి జీపు ఎక్కింది. లారీ రాకముందే కారు చూడాలన్న తొందరలో వీరవేణి వెనక్కి తిరిగి చూడలేదు.

దొడ్లో అడుగు పెట్టడానికి ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. స్టేషన్ మొత్తానికి మూత్రశాల ఆ గోడే. జయపాల్ గారి పాత డీజిల్ కారు ఎడమ దవడ చితికిపోయి, కుడి లైటుతో ఒంటికన్నుగా చూస్తోంది. ముందు సీటు మీద నెత్తురు ఎండి నల్లబడితే, దాని మీద ఎవడో కిళ్ళీ ఊశాడు. చీ! పోయినవాడి రక్తం మీద ఉమ్మేయడానికి ఆ నోరెలా వచ్చిందో. వీరవేణి తన నీళ్ళ సీసా ఒంపి, రుమాలుతో ఆ ఉమ్ము తుడిచాకే లోపలికి వంగింది.

"క్లీనింగు కూడా మొదలెట్టావా వీరవేణీ? బేరాలు అంత తగ్గిపోయాయా?"

చూడకుండానే గుర్తుపట్టింది. రమేష్ బాబు. ఒకప్పుడు ఒకే కంపెనీలో పక్కపక్క బల్లలు. ఆమె తవ్వి తీసిన కేసుల మీద తన పేరు వేసుకుని పైకి ఎక్కినవాడు. ఈ కారుకి ఇన్సూరెన్సు దర్యాప్తు అతనిదే. ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టిన తన తెల్ల కారుని గోడవారన ఆపి, ఇంజిన్ కట్టెయ్యకుండానే దిగి వచ్చాడు. వస్తూనే చేతిలోని టీ గ్లాసు చచ్చిపోయిన మనిషి కారు బానెట్ మీద పెట్టాడు.

"ఆ గ్లాసు తియ్యి" అంది వీరవేణి.

"సెంటిమెంటా?" అని నవ్వాడే గాని తియ్యలేదు. "నేను నిన్ననే తేల్చేశాను. లైట్లు డల్ అయ్యాయని డ్రైవరు కథ. నిన్న ఎస్సైగారి ముందు వేసి చూపించాను, పెళ్ళివారి పెట్రోమాక్సులా వెలిగాయి. కావాలంటే నువ్వూ తిప్పి చూసుకో."

దొరబాబు కూడా వచ్చాడు, చేతిలో బజ్జీతో. వీరవేణి తాళం తిప్పింది. ఒంటికన్ను భగ్గుమంది. లోపలి లైటు వేసింది. అదీ తెల్లగా వెలిగింది. రమేష్ బాబు చప్పట్లు కొట్టాడు.

"చాలా బాగా వెలుగుతున్నాయి" అంది ఆమె. "మరి ఎర్ర బ్యాటరీ బొమ్మ ఎందుకు వెలగలేదు?"

"ఇంజిన్ ఆడట్లేదు కదా!"

"ఇంజిన్ ఆడనప్పుడే అది వెలగాలి, రమేష్. తాళం తిప్పగానే ఆయిల్ బొమ్మ వెలిగింది చూడు. దాని పక్కనే ఇదీ వెలగాలి. ఇన్నేళ్ళుగా కార్లు చూస్తున్నావు, ఆ మాత్రం తెలీదా?"

ఆమె డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి తడిమింది. చల్లని ఖాళీ గుంట ఒకటి వేలికి తగిలింది. ఫోన్ లైటు వేసి దొరబాబుకి చూపించింది. అన్ని గుంటల్లోనూ చిన్న చిన్న బల్బులు ఉన్నాయి. అందులో మాత్రం లేదు.

"గుద్దినప్పుడు ఊడిపోయి ఉంటుందిలెండి" అన్నాడు దొరబాబు.

"తిప్పి తీస్తేగాని రాదండి అది. పైగా ఈ పాత రకం బండిలో ఆ బల్బు ఉత్త హెచ్చరిక కాదు. దాని గుండా వెళ్ళే కాస్త కరెంటుతోనే ఆల్టర్నేటర్ నిద్ర లేస్తుంది. బల్బు పీకేస్తే అది బ్యాటరీని నింపదు, నింపట్లేదని చెప్పే ఎర్ర లైటూ రాదు. డీజిల్ ఇంజిన్ కాబట్టి బ్యాటరీ ఎండిపోతున్నా బండి పరిగెడుతూనే ఉంటుంది. ఒక్క బల్బు, రెండు నిమిషాల పని. డ్రైవరు భిక్షకి వెళ్ళినప్పుడు ఎవరో ఆ పని చేశారు."

రమేష్ బాబు నవ్వు తగ్గలేదు. "కథ బాగుంది. బ్యాటరీ ఎండిపోయిందంటావు. మరి ఈ లైట్లు దేంతో వెలుగుతున్నాయి, ఆ స్వామి మహిమతోనా?"

"అదే చూద్దాం" అని వీరవేణి టీ గ్లాసు తీసి నేల మీద పెట్టి బానెట్ ఎత్తింది.

కుడి మూల చెక్కు చెదరలేదు. బ్యాటరీ అక్కడ బుద్ధిగా కూర్చుని ఉంది. కాకపోతే గూడు పెద్దది, బ్యాటరీ చిన్నది. సందులో మడత పెట్టిన ట్యూబు రబ్బరు కుక్కారు. పైన స్టిక్కరు లేదు, అంటించిన జిగురు మరక కూడా లేదు. వీరవేణి మూతల మధ్య గాడిలో గోరుతో గీరి, వేలు పైకెత్తి చూపించింది. ఎండిన పసుపు, దాని మీద కుంకుమ.

"ఎస్సైగారూ, జయపాల్ గారిది ఏ చర్చి?"

"లూథరన్ చర్చి కదండీ."

"లూథరన్ మాస్టారి బ్యాటరీకి దసరా ఆయుధపూజ ఎవరు చేశారండీ?"

దొరబాబు బజ్జీ నమలడం ఆపేశాడు. రమేష్ బాబే ముందు తేరుకున్నాడు. "డ్రైవరు హిందువు, అందులో మాలధారి. వాడే పెట్టి ఉంటాడు. దీనికింత హంగామానా?"

"అమ్మగారు వాక్యం అంటించిన బ్యాటరీకా? పోనీ పెట్టాడనే అనుకుందాం. స్టిక్కరు ఏమైంది? గూటికి సరిపడే బ్యాటరీ ఏమైంది?"

"నాకేం తెలుసు!"

అరిచినట్టే అన్నాడు. ఆ అరుపు తగ్గాక దొడ్లో ఒక్క చప్పుడే మిగిలింది. గోడవారన తెల్ల కారు ఇంజిన్ ఆగకుండా గుడగుడలాడుతోంది. వచ్చి ఇంతసేపయింది, అతను దాన్ని కట్టెయ్యలేదు. ఏసీ చల్లదనం పోతుందని అలా వదిలేశాడేమో అని చిరాకు పడింది ఇందాక. ఇప్పుడు ఆమె చూపు అద్దాల మీద పడింది. నాలుగూ దించి ఉన్నాయి. ఏసీ వేసుకున్నవాడు అద్దాలు ఎందుకు దించుతాడు?

వీరవేణి గబగబా నడిచింది. "ఏయ్, నా బండి ముట్టుకోకు!" అంటూ రమేష్ బాబు పరిగెత్తుకొచ్చేలోపు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేసింది. గుడగుడ ఆగిపోయింది.

"ఇప్పుడు స్టార్ట్ చెయ్యి."

అతను కదల్లేదు. ఆమే తాళం తిప్పింది. కట్, కట్, కట్. మీటర్ల లైట్లు ఓసారి మిణుకుమని నీరసించాయి.

"ఓరి దీని దుంప తెగ!" అన్నాడు దొరబాబు. "నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ బండిని మా కానిస్టేబుళ్ళే తోశారండి. అంతకు ముందు బాగానే వచ్చింది."

వీరవేణి బానెట్ మీట లాగింది. కారు చుట్టూ, బానెట్ కింద ఇంజిన్‌తో సహా, దసరా బొట్లు ఎండి ఉన్నాయి. ఒక్క బ్యాటరీకే లేదు. దానికి చిన్న నీలం స్టిక్కరు అంటించి ఉంది. చర్చి పేరు, సంవత్సరం, కింద రెండు వరుసల వాక్యం. అక్షరాల మీద మసి పట్టినా చదవడానికి వీలుగానే ఉంది.

రమేష్ బాబు గోడని పట్టుకున్నాడు. "చూడు వీరవేణీ, నేనెవర్నీ చంపలేదు. మొన్న లైట్లు వేస్తే డిమ్ముగా వెలిగాయి. అలా రాస్తే డ్రైవరు మాట నిజమవుతుంది, కంపెనీ క్లెయిము కట్టాలి. ఈ ఏడు నా ప్రమోషన్ ఉంది. మా మేనేజరు... నీకు తెలుసు కదా వాళ్ళ సంగతి. ఇవాళ లారీ రాగానే నా బ్యాటరీ నేను తీసేసుకునేవాణ్ణి. అంతే."

అంతేనట! హంతకుడికి కనీసం పగ ఉంటుంది, భయం ఉంటుంది. వీడికి ఆ రెండూ లేవు. కుర్చీ ఒక మెట్టు పైకి జరుగుతుందని, దీక్షలో ఉన్న కుర్రాణ్ణి తాగుబోతుని చేసి జైలుకి తోసేయబోయాడు. సీటు కింద సీసా కూడా వీడిదే అయి ఉంటుంది. ఆ పక్క బల్ల దగ్గర కూర్చుని ఒకప్పుడు వీడితో కలిసి టిఫిన్ తిన్నానని తలుచుకుంటే వీరవేణికి ఒళ్ళంతా జలదరించింది.

"నీ మీద ఉమ్మడానికి కూడా నాకు అసహ్యంగా ఉంది, రమేష్. ఒక్కటి చెప్పు. లైట్ల మాట నీకు ముందు చెప్పిందెవరు?"

"కిరణ్ కుమార్ గారే. లైట్లు డిమ్మయ్యాయని డ్రైవరు సాకు చెప్తాడు, నమ్మకండి అని ఫోన్ చేశారు."

"ఎప్పుడు?"

"ప్రమాదం జరిగిన రాత్రే."

"ఆ రాత్రే" అంది వీరవేణి నెమ్మదిగా. "ఎస్సైగారూ, డ్రైవరుకి తెలివి వచ్చింది మర్నాడు పొద్దున్న. జయపాల్ గారు గోడ దగ్గరే పోయారు. లైట్లు తగ్గాయని చెప్పడానికి ఆ రాత్రి నోరున్నవాళ్ళెవరూ లేరు. మరి కిరణ్ కుమార్‌కి ఎలా తెలిసింది?"

దొరబాబు చేతిలోని బజ్జీ కింద పడింది. ఎవరూ అడక్కుండానే లోపలికి కేకేశాడు. "ఒరేయ్, ఆ స్వామిని బయటికి తియ్యండ్రా! స్నానానికి నీళ్ళు పెట్టండి. ఆ మాల ఎక్కడ పడేశారో వెతికి తీసుకురండి!" తరవాత గొంతు తగ్గించాడు. "కిరణ్ గారు సంతకం పెట్టేసి ఇందాకే బైకు మీద వెళ్ళిపోయారండి."

బైకు మీద. జీపు ఆయనదే అయినా, అందులో ఎక్కలేదు.

వీరవేణి ఆకాశం వైపు చూసింది. దొడ్లో అప్పటికే మునిమాపు చీకటి దిగింది. రేపటి విచారణలో మాట్లాడతానన్న మనిషిని చెరువుల మీద తిరిగే పాత డీజిల్ జీపులో తన కళ్ళ ముందే ఎక్కించారు, తను ఊరుకుంది. ఫోన్ తీసి క్రిస్టినాకి చేసింది. ఎంతోసేపు మోగాక ఎత్తింది.

"వీరవేణి గారా? ఏమనుకోకండి, బీపీ మాత్ర వెతుక్కుంటున్నాను. లోపలి లైటు వెయ్యమంటే మిణుగురులా ఉందండి, ఏమీ కనపడట్లేదు. ఆ పిల్లాడు దుర్గాసాయి చెప్పింది ఇదే కాబోలు."

"ఎక్కడున్నారమ్మా మీరు? జీపు ఆపించండి. వెంటనే దిగిపోండి!"

"కాలవగట్టు మీదండి. ఆ తూము దగ్గరికే వస్తున్నాం. డ్రైవరూ, కాస్త ఆపు బాబూ. ఏంటీ, కనపడట్లేదా? అబ్బ, ఈ వెలుతురేంటండీ, కళ్ళల్లో పొడిచేస్తోంది!"

"ఏం వెలుతురు?"

"ఎదురుగా ట్రాక్టరండీ. నెత్తి మీద రెండు పెద్ద లైట్లు."